చెక్కల ప్రెసిడెంటు

మొన్న రాప్తాడు దాటాక హైవే పక్కన ఒక నర్సరీ దగ్గర ఆగాను. మిద్దె మీద కుండీల్లో పెట్టుకోవడానికి నాలుగు మిరపమొక్కలు కావలసి వచ్చాయి. అక్కడ ఒక మూల ప్లాస్టిక్ సంచులు పేర్చి ఉన్నాయి. సంచి నిండా చెక్కముక్కలు, సంచి మీద నవ్వుతున్న టమోటా బొమ్మ.

"ఇవేందప్పా?" అని అడిగాను.

"మల్చింగు సార్," అన్నాడు నర్సరీ ఆయన. "చెట్టు మొదట్లో పరిస్తే నేల చల్లగా ఉంటాది. పోసిన నీళ్లు ఆరిపోవు. బెంగుళూరునుంచి తెప్పిస్తాండాము."

బెంగుళూరు దాకా పోవలసిన పని లేదనీ, ఈ విద్య ఉరవకొండ పక్క పల్లెలో ఒక మాజీ ప్రెసిడెంటు ఎప్పుడో చేసి చూపించాడనీ చెబుదామనుకున్నాను. చెబితే నమ్మడు. ఆయన మాట నమ్మడం అప్పట్లోనే కష్టం. నమ్మినవాళ్లతో వచ్చిన కష్టం ఇంకా పెద్దది. ఆయన పోయి చాలా కాలమైంది కాబట్టి, ఇప్పుడు చెప్పినా ఎవరికీ నష్టం లేదు.

తొంభైల చివర్లో నేను ఆ పల్లెకు హైస్కూలు తెలుగు పంతులుగా వెళ్లాను. ఆయన ఇంట్లోనే ఒక భాగం అద్దెకు తీసుకున్నాను. నా వంటింటి కిటికీ వాళ్ల పెరట్లోకి తెరుచుకునేది. ఆయనను ‘అన్నా’ అనీ, ఆయన భార్యను ‘వదినా’ అనీ పిలిచేవాణ్ణి. ఊరంతా మాత్రం ఆయనను ప్రెసిడెంటు అనే పిలిచేది. ఆ పక్క సర్పంచిని అట్లాగే అంటారు. పదవి పోతుంది గానీ పిలుపు పోదు.

ఏం మాట్లాడాలన్నా ముందు భుజం మీది టవలు తీసి, దులిపి, రెండో భుజం మీద వేసుకునేవాడు. తర్వాత చేతిలో ఏముంటే దాన్ని వేలితో తట్టేవాడు. చెంబైనా సరే, వంకాయైనా సరే. మైకు పనిచేస్తోందో లేదో చూసుకునే అలవాటది. మైకు పోయినా వేలు మరిచిపోలేదు. ఎవరేమి అడిగినా ఒకే జవాబు: "ఐపోతాదప్పా. ఐపోయినట్లే అనుకో." ఆయన పదవిలో ఉండగా ఐపోయిన పని నీళ్ల ట్యాంకు ఒకటే. దాంట్లోకి నీళ్లు మాత్రం ఎన్నడూ ఎక్కలేదు. ట్యాంకు కింద నీడలో పేకాట బాగా సాగేది. "ఊరికి కూచునేదానికి తావు చూపించినాను గదా" అని ఆయన దాన్ని కూడా తన పనుల్లో కలుపుకునేవాడు.

తర్వాతి ఎన్నికల్లో ఆ సీటు ఆడవాళ్లకు పోయింది. చుట్టుపక్కల ఊళ్లలో మాజీలందరూ భార్యలచేత నామినేషన్లు వేయించి, గెలిపించి, వాళ్లను వంటింట్లోనే ఉంచి, తాము పోయి కుర్చీలో కూర్చున్నారు. ఈయనా అదే అనుకున్నాడు. వదిన ఒకే షరతు పెట్టింది.

"నేను గెలిస్తే కుర్చీలో నేనే కూచుంటా. నువ్వు ఇంట్లో సంగటి కెలుకు" అంది.

ఆయన ఒక పూటంతా ఆలోచించి, ప్రజాసేవకు వేరే మార్గాలు చాలా ఉన్నాయని ప్రకటించాడు.

ఆ మార్గం ఆయనకు ఉరవకొండ సామిల్లులో దొరికింది. నడి ఎండాకాలంలో, ఇంటి తలుపు కోయించడానికి పోయి, కూర్చోవడానికి బల్ల లేక, మొద్దులు చెక్కగా రాలిన చెక్కపేళ్ల కుప్ప మీద కూర్చున్నాడట. ఊరికే ఉండని చెయ్యి కదా, కుప్పలోకి పోయింది. పైన చెక్క పెనం మాదిరి కాలుతోంది. అడుగున మన్ను తడిగా, చల్లగా తగిలింది. అంతకుముందెప్పుడో పడిన వానది ఆ తడి. తలుపు సంగతి మరిచిపోయి ఆయన ఒక ట్రాక్టరు చెక్కపేళ్లు వేయించుకుని ఇంటికి వచ్చాడు.

వదిన గడపలో నిలబడి చూసింది. "నీళ్లు కాచుకునేదానికి తెచ్చినావా?" అని అడిగింది.

"కాదు. పెరట్లో పరిచేదానికి."

"పెండ్లెవరికి?"

"నేలకు," అన్నాడు ఆయన, టవలు భుజం మార్చి. "నేలను గుడ్డల్లేకుండా ఎండలో నిలబెట్టి, వాన రాలేదని ఏడిస్తే ఎట్లా?"

ఈ మాట తర్వాత నేను ఎన్నిసార్లు విన్నానో. బడి దగ్గర, బస్సులో, ఒకసారి చావింటి ముందు కూడా.

మొదటిసారి తోట పాడైపోయింది. చెక్కపేళ్లను ఎరువులాగా మట్టిలో కలిపి తవ్వించాడు. వంగచెట్లు కామెర్లొచ్చినట్టు పసుపుపచ్చగా మారాయి. దీన్ని ఆయన ఓటమిగా ఒప్పుకోలేదు. "లోపల చేరినోడు కుళ్లేదాకా అందరి కూడూ తింటాడు సారూ. పైన పరిస్తే ఎండా గాలీ తింటాడు, కిందోళ్లను కాస్తాడు. రాజకీయంలో ఇది నాకు ముందే తెలుసు, తోటలో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. మళ్లీ కొత్త నారు పోసి, మొక్కల మొదళ్లకు ఆనకుండా, జానెడు మందాన పైనే పరిచాడు. వంగ, టమోటా, గోరుచిక్కుడు, గోడ వెంబడి సొరపాదు. వీటికి రోజూ పొద్దున్నే ఆయన ఉపన్యాసం. నేను కిటికీ దగ్గర టీ తాగుతూ వినేవాణ్ణి.

"ఊరికి చెప్పిన అబద్ధాలు చాలవని ఇప్పుడు వంగచెట్లకు చెప్తాండాడు" అనేది వదిన.

టీ అంగడి దగ్గర నవ్వని వాడు లేడు. పొయ్యిలోకి పోవలసింది మన్నులోకి పోతే, మన్నులోది పొయ్యిమీదికి వస్తుందా అని ఒక పెద్దాయన లెక్క తీశాడు. చెక్కల ప్రెసిడెంటు అన్న పేరు అప్పుడే పడింది. ఆడవాళ్లు నవ్వలేదు. తెల్లారుజామున గోడ దూకి, నీళ్లు కాచుకోవడానికి గంపలకు ఎత్తుకుపోయారు. టమోటాలు ముట్టలేదు, చెక్కలే తీసుకుపోయారు. ఆయన వీధిలో నిలబడి గంటసేపు నీతి బోధించాడు.

వదిన అరుగు మీద కూర్చుని, "నువ్వు ప్రెసిడెంటుగా ఉన్నన్నాళ్లూ ఊరు నీ దగ్గర ఏమీ ఎత్తుకపోలేదు. ఎత్తుకపోయేంత పనికొచ్చేది నీ దగ్గర ఏముండె. ఇప్పుడు మేలే" అంది.

చెక్కల కింద తేళ్లు చేరాయి. ఒకటి ఆయన కాలివేలిని కుట్టింది. కుంటుకుంటూ బడికి వచ్చి, స్టాఫు రూములో అందరికీ ఆ వేలు చూపించాడు. "మా పెరట్లో ఇన్నేండ్లకు ఒక తేలు కాపురం పెట్టింది సారూ. నేల బతికిందనేదానికి ఇంతకంటే సాక్ష్యం కావల్నా?" అన్నాడు. చెదలు కూడా వచ్చాయి. దానికీ ఆయన దగ్గర సమాధానం ఉంది. "చెదలు చెక్క తింటాండాయి, చెట్టు జోలికి పోలేదు. ఎవరి మేత వాళ్లకుంటే గలాటా ఉండదు."

ఆ తర్వాత వానలు మొహం చాటేశాయి. చేలల్లో శెనక్కాయ ఊడలు మన్నులోకి దిగి కాయ పట్టకముందే ఎండిపోయింది. బోర్లు ఒక్కొక్కటే గాలి కక్కాయి. వీధిలోకి నీళ్ల ట్యాంకరు వచ్చేది, బిందెల గొడవతో ఊరు నిద్ర లేచేది. ఊళ్లో ఏ పెరట్లో చూసినా ఎర్రమన్ను నోరు తెరిచి ఉంది. ఆయన పెరట్లో మాత్రం టమోటాలు కాశాయి. స్నానం చేసిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, అంతే. వదిన ఆ కడుగునీళ్లను మొదట్లో సణుగుతూ పోసేది. తర్వాత సణుగుడు తగ్గింది. ఒక రోజు సొరపిందెను అరచేతిలో పెట్టుకుని తూకం చూస్తున్నట్టు నిలబడి ఉండగా కిటికీలోంచి నా కంటబడింది. నన్ను చూసి చటుక్కున చెయ్యి తీసేసి, "తేలుందేమోనని చూస్తాండా" అంది.

కాయలన్నీ ఆయన వీధిలోనే పంచిపెట్టాడు. టమోటా ఉచితం, ఉపన్యాసం తప్పదు. జనం చెంగులు పట్టుకుని నిలబడి, తలలూపుతూ వినేవాళ్లు. ఆయన జన్మలో అంత శ్రద్ధగా విన్న సభ ఇంకొకటి ఉండదు. కొందరు ఇళ్ల దగ్గర కూడా ఎండుటాకో, చెత్తో, సామిల్లు చెక్కో తెచ్చి నాలుగు మిరపచెట్లకు పరుచుకున్నారు. అక్కడితో ఆగి ఉంటే అది ఆయన చేసిన మంచిపనిగా మిగిలిపోయేది. కానీ ఆయన నోరు అక్కడితో ఆగే రకం కాదు. ఆ ఉపన్యాసం ఊరు దాటి, మండలం ఆఫీసుదాకా పోయింది.

కొత్తగా వచ్చిన ఒక ఆఫీసరు జీపు దిగి పెరడంతా తిరిగి, ఫొటోలు తీయించాడు. పది రోజుల్లో గోడకు ‘నమూనా తోట’ అని బోర్డు వచ్చింది. ఆయనకు మెడలో దండ, కింద కుర్చీ. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఆయన ముఖం చూశాను. ఎండిన బోరులో నీళ్లు పడ్డట్టు ఉంది. మండలంలో ప్రతి ఇంటి తోటకూ చెక్కముక్కలు సరఫరా చేస్తామని ఆఫీసరు ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చెక్కలు ఎక్కడినుంచి వస్తాయని ఎవరూ అడగలేదు. చప్పట్లు కొట్టేటప్పుడు అడగడం కుదరదు కదా.

సరఫరా పని ఆయన అక్క కొడుకుకు దక్కింది. రాజకీయంలో ఆ పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించింది ఈయనే. ఇప్పుడు అతను తెల్ల చొక్కా, జీపుతో తిరిగే చోటా నాయకుడు. "ఈ పథకానికి నీ పేరే మామా. వచ్చే ఎన్నికల్లో మండలాధ్యక్షుడు నువ్వే. పెద్దోళ్లతో మాట్లాడినా. ఐపోయినట్లే అనుకో" అన్నాడు. తన మాట తనకే తిరిగి రావడం ఆయన గమనించలేదు. ఆ వారమంతా ఆయన ఖద్దరు చొక్కాలు ఇస్త్రీకి పోయి వచ్చాయి.

ఒక శనివారం నేనూ ఆయనా బస్సులో ఉరవకొండ పోతున్నాం. ఆ రోడ్డుకు రెండు వైపులా పాత చింతమాన్లు ఉండేవి. ఆ దారిలో నీడంటే అవే. గొర్రెలు, గొర్రెల కాపరులు, బస్సు కోసం చూసేవాళ్లు, పురిటికి పుట్టింటికి పోయే ఆడవాళ్లు, అందరూ వాటి కిందే ఆగేవాళ్లు. ఆ రోజు ప్రతి మాను మొదట్లో ఎర్ర రంగుతో అంకె వేసి ఉంది. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయాడు. కిటికీలోంచి ఒక్కొక్క మానునూ చూస్తూ కూర్చున్నాడు. ఉరవకొండ వచ్చేదాకా ఆయన నోరు తెరవలేదు. అట్లా జరగడం నేనెరిగి అదే మొదలు.

సాయంత్రం అక్క కొడుకును ఇంటికి పిలిపించాడు. నేనూ అరుగు మీదే ఉన్నాను.

"మాన్లకు రంగు ఎందుకు పూసినారురా?"

"చెక్కలకు మామా. సామిల్లులో ఉండేది నాలుగు ఇండ్లకు కూడా చాలదు. మిషను వస్తాండాది. కొమ్మా మొదలూ అన్నీ ముక్కలు చేస్తాది. మొద్దులు వేరే పోతాయిలే."

"ఆ మాన్ల కింద నీడుండాది గదరా."

"నీడెందుకు మామా? చెక్క పరిస్తే నేల చల్లగా ఉంటాదని నువ్వే గదా చెప్పినావు. మండలమంతా చల్లగా ఉంటాది."

ఆయన అతన్ని చాలాసేపు చూశాడు. తిట్టలేదు. ఈ తెలివి తను నేర్పిందే అని ఆయనకు అర్థమయినట్టుంది.

మర్నాడు ఆఫీసుకు పోయాడు. మళ్లీ మర్నాడూ పోయాడు. చెక్కపేళ్లంటే మిల్లులో రాలిపోయేవి, ఎండుకొమ్మలు, పనికిరాని చెత్త అని, బతికిన మానును కొట్టి పరచమని తాను ఏనాడూ అనలేదని చెప్పాడు. ఆఫీసరు మర్యాదగా కాఫీ ఇప్పించి, ఆయన ఉపన్యాసాన్నే కాగితం మీద చూపించాడు. ప్రతి గడపకూ చెక్క అందాలి అన్నది ఆయన మాటే. పెద్ద ఆఫీసరు స్వయంగా వచ్చి నమూనా తోట చూసి, మిషను ప్రారంభిస్తారని తేదీ కూడా పెట్టేశారు.

"నా మాట వినమంటే అందరూ నా మాటే వింటాండామంటారు సారూ. నేనేం చేసేది?" అన్నాడు నాతో.

తర్వాత రెండు రోజులకు, పొద్దున్నే టీ పెట్టుకుంటూ కిటికీలోంచి చూస్తే, ఆయన ఒక్కడే వంగి పెరట్లో చెక్కలన్నీ పారతో ఒక మూలకు లాగేస్తున్నాడు. తోటకు అతిథులు వస్తున్నారు కాబట్టి కొత్త చెక్కలు వేస్తాడేమో అనుకున్నాను. వేయలేదు. నేలను అట్లాగే ఎండకు వదిలేశాడు. వదిన కడుగునీళ్ల తపేలా ఎత్తుకుని వచ్చింది.

"పోయొద్దు" అన్నాడు.

"యాల పోయొద్దు?"

"పోయొద్దని చెప్పినా గదా."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. తపేలా దించలేదు, పోయలేదు. కాయలతో వంగిపోయిన వంగచెట్ల మధ్య ఆ నీళ్లు పట్టుకుని నిలబడింది. మొదట్లో ఇవే నీళ్లను సణుగుతూ పోసిన మనిషి. చివరికి ఆ నీళ్లు గేటు బయట నిలబడ్డ ఎవరిదో బర్రెకు తాగించి, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఆ ఎండకు మొక్కలు ఎన్నాళ్లో ఆగలేదు. మొదట టమోటా తలలు వాల్చింది, తర్వాత వంగ. సొరపాదు చివరిదాకా పోరాడింది. ఆయన రోజూ పొద్దున పోయి వాటి మధ్య నిలబడేవాడు. ఉపన్యాసం మాత్రం లేదు. గోడ అవతలివాళ్లకు కనిపించకుండా గేటుకు గోనెపట్టా కట్టాడు. పెద్ద ఆఫీసరు వచ్చే ముందురోజు చెక్కలన్నీ మళ్లీ మందంగా పరిచాడు. ఎండిన చెట్ల కింద.

నేను కిటికీలోంచి చూస్తున్నానని ఆయనకు తెలుసు. పార గోడకు ఆనించి నా దగ్గరికి వచ్చాడు. "సారూ, మీరు బడికి సెలవు పెట్టుకోని రాండి రేపు. ఉపన్యాసముండాది" అన్నాడు.

పెద్ద ఆఫీసరు వచ్చాడు. వెనక జీపులు, దండలు, కెమెరాలు. అక్క కొడుకు రిబ్బను పళ్లెం పట్టుకుని ముందు నడిచాడు. గోనెపట్టా తీశారు. నమూనా తోట నిండా పుల్లలు నిలబడి ఉన్నాయి.

ఆయన టవలు దులిపి భుజం మార్చాడు. చేతిలోని ఎండు వంకాయను తట్టాడు.

"అయ్యా, నేను మోసపోయినాను" అని మొదలుపెట్టాడు. "మొదటేడు బాగానే ఉండె. ఈ ఏడు చూడండి. చెక్క చెదల్ని పిలిచింది. చెదలు వేర్లు తినె. తేళ్లు చేరె. నేనూ కుట్టించుకుంటి. ఇది నేలకు గుడ్డ కాదు, పాడె. జనానికి పంచితిరంటే రేపు ప్రతి ఇంట్లో ఇదే కథ. అప్పుడు మీ పేరు చెప్పుకోని తిడతారు, నా పేరు కాదు."

వంగి ఒక చెక్క తిరగేశాడు. కింద నిజంగానే చెదలు కదిలాయి. పెద్ద ఆఫీసరు ప్యాంటు పైకి పట్టుకుని రెండు అడుగులు వెనక్కి వేశాడు. కెమెరా ఆయన దాన్ని ఫొటో తీయబోతే ఎవరో అడ్డం నిలబడ్డారు. అక్క కొడుకు ముఖం ఎర్రగా కందిపోయింది. "మామా, ఏం మాట్లాడతాండావు నువ్వు?" అన్నాడు.

"నిజం మాట్లాడతాండానురా. అలవాటు లేక గొంతు తప్పుతాండాది" అన్నాడు ఆయన.

అందరూ నవ్వారు. నవ్వులోనే ఆ పథకం పోయింది. పెద్దవాళ్లు కాఫీ తాగకుండానే జీపులెక్కారు. మిషను ఆఫీసు వెనక చాలాకాలం తుప్పు పట్టింది. అక్క కొడుకు ఆ గడప మళ్లీ తొక్కలేదు. మండలాధ్యక్షుడి సీటుకు ఇంకెవరి పేరో పోయింది. ఖద్దరు చొక్కాలు పెట్టెలోకి పోయాయి. ఆరోజు మధ్యాహ్నం వదిన సంగటి ముద్ద పళ్లెంలో పెట్టి, మామూలుగా వేసేదానికంటే నెయ్యి ఎక్కువ వేసింది. ఆ వేయడం చూసి ఆయనే తల దించుకున్నాడు.

నేను ఊరుకోలేక అడిగాను. "అన్నా, ఉన్నదే చెప్పి, మానులు కొట్టొద్దని గట్టిగా నిలబడి ఉంటే?"

"చెప్తి గదా సారూ, ఆఫీసుకు పోయి. నేను గొప్పోడినంటే సగమే నమ్మిరి. వాళ్లకు కావల్సిన సగం. నేను తప్పుడోడినని చెప్తి చూడండి, ఒక్కరన్నా అనుమానపడిరా?"

వానలు పడ్డాక పెరట్లో మళ్లీ నారు పోశారు. ఈసారి ఆయన పొద్దునపూట చెట్లతో మాట్లాడలేదు. చెక్కలు వదినే పరిచింది, పైన కనబడకుండా ఎండుగడ్డి కప్పి. కాయలు ఆమే పంచింది, ఏ మాటా చెప్పకుండా. ‘ఆ చెక్కలు తీసి పారేసినాక తోట ఎట్లా లేచిందో చూడు’ అని టీ అంగడి దగ్గర పెద్దాయన తేల్చేశాడు. ఆయన అక్కడే కూర్చుని ఆ మాట విన్నాడు. "ఔనప్పా" అన్నాడు. ఒక మనిషి తన గెలుపును పక్కన కూర్చోబెట్టుకుని, దాన్ని తిడుతూ టీ తాగడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ తర్వాత నాకు బదిలీ అయింది. పెట్టె తనే పట్టుకుని నన్ను రోడ్డుదాకా సాగనంపడానికి వచ్చాడు. బస్సు కోసం చింతమాను కింద నిలబడ్డాం. ఎండ మండిపోతోంది. చేలనుంచి వస్తున్న కూలీలు కొందరు నీడ చూసుకుని అటే వచ్చారు. వాళ్లలో ఒకతను ఆయనను గుర్తుపట్టి, "ఏమన్నా ప్రెసిడెంటూ, ఈ ఏడు చెక్కలు పరచలేదా?" అన్నాడు. మిగతావాళ్లు తలగుడ్డలతో చెమట తుడుచుకుంటూ నవ్వారు.

"బుద్ధి తక్కువై పరిస్తిలేప్పా" అని ఆయనా నవ్వాడు. తర్వాత, వాళ్ల వీపుల మీద ఎండ పడుతోందని చూసి, మాను మొదలుకు ఆనుకుని పక్కకు జరిగి, "ఇట్లా రాండి, ఈడ ఇంకా నీడుండాది" అని చోటిచ్చాడు.